సీటుకీ రాజీకీ మధ్య నలిగిన కౌన్సెలింగ్

కౌన్సెలింగ్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ఇంజినీరింగ్ సీటు, ఆ తర్వాత పోలీస్ స్టేషన్. రౌడీషీటర్లకు కౌన్సెలింగ్, తాగి బండి నడిపిన కుర్రాళ్లకు కౌన్సెలింగ్, మొగుడూ పెళ్లాలకు కౌన్సెలింగ్. ఈ మూడోది చాలాసార్లు ఎలా ఉంటుందో తెలిసిందే. ఆయనకు నాలుగు చీవాట్లు, ఆమెకు 'సర్దుకుపోవాలమ్మా' అని సలహా, కాగితం మీద ఇద్దరి సంతకాలు. వినే పని మాత్రం ఎవరూ చేయరు.

అందుకే బస్తీల్లో స్వచ్ఛంద సంస్థలు చేసే కౌన్సెలింగ్‌ని ఆ మాటతో పిలవడమే నష్టమేమో అనిపిస్తుంది. హైదరాబాద్‌లో మై చాయిసెస్ ఫౌండేషన్ బస్తీ మహిళలకే శిక్షణ ఇచ్చి 'పీస్‌మేకర్లు' అనే కౌన్సెలర్లుగా తయారుచేసింది. భూమిక ఉమెన్స్ కలెక్టివ్ 2006 నుంచి మహిళల కోసం హెల్ప్‌లైన్ నడుపుతోంది. వీటి అవసరం ఎంతో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చెబుతుంది. హింసకు గురైన మహిళల్లో సాయం అడిగినవాళ్లు 14 శాతమే. 77 శాతం మంది సాయం అడగనూ లేదు, ఎవరికీ చెప్పనూ లేదు. అడిగినవాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లింది సొంతవాళ్ల దగ్గరికే. అంటే స్టేషన్ మెట్లెక్కడానికి చాలా ముందే ఎవరో ఒకరు దొరకాలి. నడిచి వెళ్లేంత దూరంలో, భయం లేకుండా మాట్లాడగలిగే మనిషి.

పేరు సంగతి జింబాబ్వేలోనూ వచ్చింది. డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ 2006లో హరారేలో బామ్మలకు శిక్షణ ఇచ్చి, వచ్చినవాళ్ల బాధలు వినడానికి క్లినిక్ ఆవరణలో బెంచీ మీద కూర్చోబెట్టారు. 'మానసిక ఆరోగ్య బెంచీ' అంటే ఎవరూ రారని చెప్పింది ఆ బామ్మలే. అది 'స్నేహ బెంచీ' అయింది. అక్కడివాళ్లు డిప్రెషన్ అనరు, 'కుఫుంగిసిస' అంటారు, అంటే మరీ ఎక్కువగా ఆలోచించడం. మన ఊళ్లలో 'ఆలోచనలు ఎక్కువైపోయాయి' అన్నట్టే. 573 మందితో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. ఆరు నెలల తర్వాత డిప్రెషన్ లక్షణాలు మామూలు వైద్యం పొందినవాళ్లలో సగం మందికి మిగిలితే, బెంచీకి వచ్చినవాళ్లలో 14 శాతానికే మిగిలాయి.

అయితే మాటతో అన్నీ తీరిపోవు. గోవాలో సంగత్ సంస్థ మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తాగుడుకు అలవాటుపడ్డ మగవాళ్లతో మాట్లాడించింది. తాగుడు అదుపులోకి వచ్చినవాళ్లు పెరిగారు. భార్యల మీద హింసలో మాత్రం తేడా కనిపించలేదు. 'మందు మానితే బంగారంలాంటి మనిషి' అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. ఆ మాట నమ్మి ఒకామెను వెనక్కి పంపే ముందు ఈ ఫలితాన్ని ఒకసారి తలుచుకోవాలి. వినడంతో పాటు దారి చూపించడం కూడా కౌన్సెలర్ పనే. 2005 గృహహింస చట్టం కింద నమోదైన సంస్థలు, బాధితురాలు కోరితే హింస వివరాలు రాసి మేజిస్ట్రేట్‌కు పంపవచ్చు, వైద్య పరీక్షకు, షెల్టర్‌కు చేర్చవచ్చు. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

బస్తీ మనిషే కౌన్సెలర్ కావడంలో చిక్కూ ఉంది. చెప్పిన సంగతి సాయంత్రానికి కుళాయి దగ్గరికి చేరుతుందన్న భయం ఉత్తదేమీ కాదు. పక్క బస్తీ ఆమెను కూర్చోబెట్టడం, తలుపున్న గది ఒకటి చూడటం పెద్ద ఖర్చు కాదు. జీతమే పెద్ద ఖర్చు. రోజంతా ఊరి ఏడుపు విన్న ఆమెకు గౌరవ వేతనం పేరుతో ఇంత చేతిలో పెట్టి, ప్రాజెక్టు అయిపోగానే గదికి తాళం వేస్తే, ఆమెను నమ్మి వచ్చినవాళ్లు ఎక్కడికి పోవాలి?

డబ్బిచ్చేవాళ్లు అడిగే లెక్క కూడా మారాలి. 'ఎన్ని కాపురాలు నిలబెట్టారు?' అన్నదే ప్రశ్న అయితే సంస్థ కూడా మెల్లగా స్టేషన్‌లాగే మాట్లాడటం మొదలుపెడుతుంది. పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి, ఒక గది అద్దెకు తీసుకుని, కుట్టుమిషన్ మీద బతుకుతున్న మనిషిని ఆ రిజిస్టర్లో ఏ గడిలో రాయాలి?