ట్రేడింగ్ సంస్థలో సెక్యూరిటీ ఉద్యోగం పేరుకేనా?

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ల మధ్య ఒక మాట తెగ తిరుగుతోంది: "ట్రేడింగ్ సంస్థలో సైబర్ సెక్యూరిటీ ఇంజనీర్ అంటే పేరుకే. వేగం తగ్గుతుందని ఫైర్‌వాల్ పెట్టనివ్వరు. ఎక్స్ఛేంజీకి ప్రత్యేక లైను ఉంటుంది కాబట్టి బయటివాడు రాలేడు. ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ లోపాల సవరణలు) వేయనివ్వరు. మిగిలేది ఆడిట్ కాగితాలే." విన్నవాళ్లు మంచి ఉద్యోగాన్ని వదులుకుంటున్నారు, చేరినవాళ్లు పనిని తేలిగ్గా తీసుకుంటున్నారు.

ముందు ఫైర్‌వాల్ సంగతి. ఏ మాటకామాట, అతివేగంగా ట్రేడ్ చేసేచోట ఆర్డర్ వెళ్లే దారిలో మామూలు ఫైర్‌వాల్ పెట్టకపోవచ్చు. ధర అందాక ఎఫ్‌పీజీఏ కార్డు (ఒకే పనికి తగ్గట్టు మలుచుకునే చిప్ ఉన్న కార్డు) ఒక మైక్రోసెకను లోపే ఆర్డర్ పంపేస్తుంది, అక్కడ ప్రతి ప్యాకెట్టునూ విప్పి చూసేంత తీరిక ఉండదు. అందుకని కాపలాను స్విచ్‌లోకి మారుస్తారు. ఫలానా సర్వర్ నుంచి ఫలానా ఎక్స్ఛేంజీ ఐపీకి, ఫలానా పోర్టుకు తప్ప దారి లేదని ఏసీఎల్ (ఎవరిని పోనివ్వాలో చెప్పే నియమాల జాబితా) రాస్తే, ఆ తనిఖీ చిప్‌లోనే జరిగిపోతుంది, చెప్పుకోదగ్గ ఆలస్యం ఉండదు. నిఘా కోసం ఫైబర్‌కు ఆప్టికల్ ట్యాప్ బిగించి, 70:30 లెక్కన వెలుగులో చిన్న వాటా పక్కకు తీస్తారు. ఆ 30 వైపు సిగ్నల్ 5 డెసిబెళ్లకు పైగా పడిపోతుంది. ముందే లెక్క చూసుకోకపోతే నిఘా వైపు ప్యాకెట్లు పాడవుతాయి, రావలసిన అలర్టు రాదు.

చాలామంది బోల్తాపడేది కెర్నెల్ బైపాస్ దగ్గర. ట్రేడింగ్ సర్వర్లలో ప్యాకెట్లు లినక్స్ కెర్నెల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను, తాకకుండా నెట్‌వర్క్ కార్డు నుంచి నేరుగా ప్రోగ్రాముకు చేరతాయి. లినక్స్ సొంత ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో ఎన్ని నియమాలు రాసినా ఆ ట్రాఫిక్‌కు వర్తించవు. ప్యాకెట్లను పట్టి చూపే మామూలు టీసీపీడంప్‌కు అది కనిపించను కూడా కనిపించదు. ఆడిట్‌లో మాత్రం "హోస్ట్ ఫైర్‌వాల్ ఉంది" అని టిక్కు పడుతుంది. ఆ తేడా పట్టుకోగలిగినవాడే ఇక్కడ పనికొచ్చే ఇంజనీర్.

ప్రత్యేక లైను ఉంటే భయం లేదన్నది పూర్తిగా తప్పు. లైను ప్రత్యేకమే కానీ, ఈ కొసన ఉన్నది మన సర్వరే. ఎక్స్ఛేంజీతో ఆర్డర్లు మాట్లాడుకునే ఫిక్స్ ప్రోటోకాల్ తనంతట తాను ఎన్‌క్రిప్షన్ చేయదు. అందులో ప్రతి వివరానికీ ట్యాగ్ అనే ఒక నంబరు ఉంటుంది. లాగాన్ సందేశంలో ట్యాగ్ 49లో పంపేవారి గుర్తింపు, ట్యాగ్ 554లో పాస్‌వర్డ్ వెళ్తాయి. ప్రోగ్రాము ఆ సందేశాన్ని ఉన్నదున్నట్టు లాగ్ ఫైల్లో రాస్తే, ఆ ఫైలు సపోర్ట్ టీమ్‌కూ, పరిశోధన సర్వర్లకూ కాపీ అయిపోతుంది. చివర్లో ఉండే ట్యాగ్ 10 చెక్‌సమ్ రక్షణేమీ ఇవ్వదు. దానికి ముందున్న బైట్లన్నీ కూడి 256తో భాగిస్తే వచ్చే శేషం అది, ఎవరైనా లెక్కగట్టగలరు. అందుకే 554ను లాగ్‌లో చెరిపేయాలి. ప్రతి సెషన్‌నూ నిర్ణీత ఐపీకే కట్టేయమని ఎక్స్ఛేంజీని అడగాలి. ఎక్స్ఛేంజీ విడిగా పంపే డ్రాప్ కాపీని (మన పేరు మీద జరిగిన ఆర్డర్ల నకలును) మన ఆర్డర్ల పుస్తకంతో ఎప్పటికప్పుడు సరిపోల్చాలి: మనం పంపని ఆర్డర్ అందులో కనిపిస్తే తక్షణం అలర్టు రావాలి.

పైగా ముప్పు ఆ లైను గుండానే రావాలని లేదు. 2023 జనవరి 31న అయాన్ అనే సాఫ్ట్‌వేర్ సరఫరాదారు మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడితే, దాని క్లయింట్లు 42 మంది చిక్కుల్లో పడ్డారు. డెరివేటివ్ ట్రేడ్ల లెక్కలు చేత్తో చూసుకోవలసి వచ్చింది.

ప్యాచ్‌లు వేస్తారు, మార్కెట్ నడుస్తుండగా కాదు. ఒక సర్వర్‌కు వేసి, ముందూ వెనకా ఆలస్యం కొలిచి, మిగతావాటికి వారాంతంలో వేస్తారు. స్పెక్టర్ లాంటి ప్రాసెసర్ లోపాల సవరణ వేగం తగ్గిస్తుందని ఎక్కడైనా ఆపితే, ఎందుకు ఆపారో, బదులుగా ఏ అడ్డు పెట్టారో రాసి సంతకం పెట్టించాలి.

ఇక కాగితాల పని. ఈ ఎగతాళి అన్నిటికంటే ప్రమాదకరం. 2012 ఆగస్టు 1న అమెరికా ట్రేడింగ్ సంస్థ నైట్ క్యాపిటల్‌లో ఏ హ్యాకరూ చొరబడలేదు. 8 సర్వర్లలో కొత్త కోడ్ 7కే చేరింది. ఎనిమిదో దాంట్లో 2003లోనే వాడకం మానేసిన 'పవర్ పెగ్' కోడ్ మిగిలి ఉంది, కొత్త ఆర్డర్లలోని ఫ్లాగ్ (ఏ కోడ్ నడవాలో చెప్పే గుర్తు) దాన్ని నిద్రలేపింది. 45 నిమిషాల్లో పోయిన తప్పు ఆర్డర్ల వల్ల నష్టం చివరికి 46 కోట్ల డాలర్లు దాటింది. మార్కెట్ తెరవకముందే పవర్ పెగ్ పేరుతో 97 ఈమెయిళ్లు వచ్చాయి, వాటిని అలర్టులుగా ఎవరూ చూడలేదు. కారణం వెతుకుతూ, బాగున్న 7 సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో ఆ పాత కోడ్ అన్నిచోట్లా పనిచేయడం మొదలుపెట్టింది.

ఇలాంటివి ఆపేవి ఆ కాగితాలే. కోడ్ పెట్టాక అన్ని సర్వర్లలో ఫైల్ హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య) ఒకటేనని రెండోవ్యక్తి చూసి సంతకం చేయాలి. అత్యవసర పత్రంలో మొదటి మెట్టు ఆర్డర్లు ఆపడం, కారణం వెతకడం తర్వాతే. ఆపు మీట నొక్కే అధికారం ఎవరిదో, వారు లేకపోతే ఎవరిదో పేర్లతో ఉండాలి. ఆపాక చేతిలో మిగిలే పొజిషన్లను (కొని, అమ్మి ఇంకా తేల్చని వాటాలను) ఎవరు, ఏ బ్రోకరు ద్వారా వదిలించుకోవాలో కూడా అందులోనే రాసి ఉండాలి.