అమ్మరు.. దాచనివ్వరు

2024 డిసెంబర్ 6, శుక్రవారం రాత్రి 11.59 గంటలకు, అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం, జపాన్ గేమ్ కంపెనీ సెగా తన పాత వీడియో గేములు 60కి పైగా డిజిటల్ స్టోర్ల అమ్మకం నుంచి ఎత్తేసింది. క్రేజీ టాక్సీ, జెట్ సెట్ రేడియో, నైట్స్ ఇంటూ డ్రీమ్స్, గోల్డెన్ ఏక్స్, స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 2... ఒక తరం కంట్రోలర్ పట్టడం నేర్చుకున్న ఆటలివి. అప్పటికే కొన్నవారి లైబ్రరీలో ఉంటాయి. మర్నాటి నుంచి కొనాలనుకున్నవారికి మాత్రం ఆ స్టోర్లలో దారి లేదు. అదే ఏడాది అక్టోబర్ నెలాఖరులోనే అమెరికా కాపీరైట్ కార్యాలయం మరో తలుపు మూసింది. స్టోర్లలో దొరకని పాత ఆటలను గ్రంథాలయాలు పరిశోధకులకు ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచి చూపించుకునేందుకు అనుమతి ఇవ్వలేమంది. ఆ అనుమతి రాకుండా మోకాలడ్డింది ఆటల కంపెనీల సంఘమే.

అమ్మా పెట్టదు, అడుక్కు తిననూ తిననివ్వదు అంటారు. ఈ పరిశ్రమ చేస్తున్నది అచ్చంగా అదే. ఒక చేత్తో ఆటను అమ్మకం నుంచి తీసేస్తుంది. రెండో చేత్తో దాన్ని భద్రపరుస్తామన్నవాళ్లను అడ్డుకుంటుంది. ఈ రెండూ ఒకే నోటితో సమర్థించుకోవడమే మా అభ్యంతరం.

2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు ఏ రూపంలోనూ అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 జులైలో లెక్క తేల్చింది. అవి నశించిపోయిన ఆటలు కావు. ఫైళ్లు ఉన్నాయి, నడిపే సాఫ్ట్‌వేర్ ఉంది, కొనేవాళ్లున్నారు. సెగా పాత గేమ్ యంత్రం మెగా డ్రైవ్‌కు వచ్చిన గోల్డెన్ ఏక్స్ కార్ట్రిడ్జ్ (ఆటను నింపి అమ్మిన డబ్బీ) మొత్తం 512 కిలోబైట్లు. స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 2 అయితే 2 మెగాబైట్లు. ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోకు ఇంతకంటే ఎక్కువ చోటు పడుతుంది. సర్వర్ ఖర్చు భరించలేక తీసేస్తున్నారని ఎవరైనా అంటే నమ్మాల్సిన పని లేదు.

నిజానికి సెగా అమ్మిన మెగా డ్రైవ్ ఆటల సంకలనం ఈ రంగంలో అరుదైన మంచి పని. పీసీ ఆటల స్టోర్ అయిన స్టీమ్‌లో కొంటే ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోనే ఆటల రోమ్ ఫైళ్లు (కార్ట్రిడ్జ్‌లోని ఆటకు యథాతథ నకళ్లు) విడివిడిగా, ఏ తాళమూ లేకుండా ఉండేవి. పేరు చివర ఎస్‌జీడీ అనో 68కే అనో ఉంటుంది. దాన్ని బిన్ అని మారిస్తే మెగా డ్రైవ్ ఎమ్యులేటర్లలో, అంటే పీసీని ఆ పాత యంత్రంలా పనిచేయించే సాఫ్ట్‌వేర్లలో, నడుస్తుంది. డబ్బు కట్టి, చట్టబద్ధంగా, అసలు ఫైలును చేతికి తెచ్చుకునే దారి అది. కంపెనీ సొంత ఎమ్యులేటర్ రేపటి విండోస్‌లో మొరాయించినా ఆట మిగిలేది. ‘ఎమ్యులేటర్ వాడేవాళ్లంతా దొంగలే’ అన్న ఆరోపణకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు. ఆ శుక్రవారం మూతపడింది ఆ దారే. అంతకుముందే కొన్నవారు ఆ ఫోల్డర్‌ను వేరే డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోవడం మంచిది.

ఆటలు మాయమవడానికి నిజమైన కారణాలు లేవని మేం అనడం లేదు. వాటిలో పెద్దది లైసెన్సు. క్రేజీ టాక్సీనే చూడండి. ఆర్కేడ్‌లో, సెగా కన్సోల్ డ్రీమ్‌కాస్ట్‌లో ఆ ఆట నడిపినప్పుడు చెవులు దద్దరిల్లేలా ది ఆఫ్‌స్ప్రింగ్, బ్యాడ్ రెలిజియన్ అనే రాక్ బృందాల పాటలు మోగేవి. ప్రయాణికుడు ఎక్కి పిజ్జా హట్‌కో కేఎఫ్‌సీకో పోనిమ్మనేవాడు. దశాబ్దం గడిచి పీసీ డిజిటల్ స్టోర్లకు వచ్చేసరికి ఆ పాటలు లేవు, ఆ బోర్డులు లేవు. ఊరూపేరూ లేని దుకాణాలు, వేరే సంగీతం. అంటే ఆ శుక్రవారం తీసేసింది అప్పటికే కోతపడ్డ క్రేజీ టాక్సీ. అసలుది పీసీ డిజిటల్ స్టోర్లకు ఎన్నడూ రానే లేదు.

కార్ల ఆటలదీ ఇదే గతి. ఫెరారీ లైసెన్సు ముగియగానే అవుట్‌రన్ ఆన్‌లైన్ ఆర్కేడ్ కనుమరుగైంది. మెటల్ గేర్ సాలిడ్ 2, 3 ఆటల్లోని చారిత్రక వీడియో ముక్కల హక్కులు తీరిపోయాయని 2021 నవంబర్‌లో గేమ్ కంపెనీ కొనామీ వాటిని తీసేస్తే, తిరిగి రావడానికి 2023 అక్టోబర్ దాకా పట్టింది. జీటీఏ 4 వ్యవహారం మరీ అన్యాయం. 2008లో కుదుర్చుకున్న పదేళ్ల పాటల లైసెన్సులు 2018లో ముగిశాయి. అప్‌డేట్ పంపి పాటలు తొలగించారు. కొత్తగా కొనేవారికే కాదు, పదేళ్ల కిందట పూర్తి ధర కట్టినవారికీ ఆ పాటలు పోయాయి. స్టోర్‌లో అమ్మకం ఆపడం ఒక ఎత్తు. అమ్మేసిన సరుకులోకి చెయ్యి పెట్టి తీసుకోవడం ఇంకో ఎత్తు. దీన్ని ఊరకే వదిలేస్తే రేపు ఏ ఆటకైనా ఇదే ఆనవాయితీ అవుతుంది.

ఈ లైసెన్సు గడువులు ఆకాశం నుంచి ఊడిపడ్డవి కావు. ఆట తయారుచేసే రోజున కంపెనీ న్యాయవాదులే సంతకం పెట్టిన ఒప్పందాలవి. డిస్కులు రెండేళ్లలో అమ్ముడైపోతాయి, ఆ తర్వాత అక్కర్లేదు అనుకుని పదేళ్లకో ఏడేళ్లకో హక్కులు కొన్నారు. పొదుపు వాళ్లది, నష్టం ఆటగాళ్లది.

సాంకేతిక చిక్కులూ ఉన్నాయి. ప్లేస్టేషన్ 3లోని సెల్ ప్రాసెసర్‌లో ఆటకు దక్కేవి ఒక ప్రధాన కోర్, ఆరు సహాయక కోర్లు. ఒక్కో సహాయక కోర్‌కు సొంత మెమరీ 256 కిలోబైట్లు. పనిని అంతంత ముక్కలుగా కోసి పంచుతూ రాసిన కోడ్‌ను పీసీకి తేవడమంటే చాలాచోట్ల మళ్లీ రాయడమే. ఆట గడియారాన్ని ఫ్రేములకు (తెర మీద వరుసగా మారే చిత్రాలకు) ముడిపెడితే ఇంకో తంటా. సెకనుకు 30 ఫ్రేములని లెక్కవేసి రాసిన చర్య 60 దగ్గర రెండుసార్లు జరుగుతుంది. డార్క్ సోల్స్ 2 పీసీలో ఆయుధాలు రెట్టింపు వేగంతో అరిగిపోయింది ఇందుకే. 2014లో వచ్చిన ఆటకు ఆ లోపం సరిచేసింది మరుసటి ఏడాది. ఇదంతా కష్టమే, ఖర్చే. అయితే మెగా డ్రైవ్ లాంటి 16 బిట్ల యంత్రాల కార్ట్రిడ్జ్ ఆటలకు ఈ కష్టమేదీ లేదు. ఎమ్యులేటర్ ఒకటి, రోమ్ ఫైలు ఒకటి కలిపి పెట్టెలో పెట్టి అమ్మడమే ఇన్నాళ్లూ జరిగింది.

అంతకంటే సిగ్గుచేటైనది, సొంత సరుకును దాచుకోలేకపోవడం. కింగ్‌డమ్ హార్ట్స్ తొలి ఆట తయారీ ఫైళ్లు పోవడంతో 2013 హెచ్‌డీ విడుదల కోసం చాలా భాగం తిరిగి కట్టుకోవాల్సి వచ్చింది. 2012 సైలెంట్ హిల్ హెచ్‌డీ సంకలనం చేసినవారికి అందింది విడుదలైన తుది కోడ్ కాదు. అసలు ఆటలో ఎప్పుడో సరిచేసిన లోపాలు మళ్లీ తలెత్తాయి. ఆ ఆటకు ప్రాణమైన పొగమంచు చెదిరి దాని వెనక దాచినవన్నీ బయటపడ్డాయి. సోర్స్ కోడ్ ఒక్కటీ ఉన్నా చాలదు. కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ ఏది, ఏ వెర్షన్‌తో కట్టారు, కన్సోల్ తయారీదారు ఇచ్చిన కిట్ ఏది, టెక్స్చర్ల (ఉపరితలాలపై అతికించే బొమ్మల) అసలు ఫైళ్లు ఎక్కడున్నాయి, సౌండ్ మాస్టర్లు ఎవరి దగ్గరున్నాయి అన్నవన్నీ కలిపి దాస్తేనే పదేళ్ల తర్వాత ఆ ఆట మళ్లీ కట్టుకోగలరు. ఆ శ్రద్ధ పెట్టిన కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఆ పని ఎవరు చేస్తున్నారు? జీతం లేని అభిమానులు. 2002లో పీసీకి వచ్చిన సైలెంట్ హిల్ 2 2024 చివరి నాటికి ఏ డిజిటల్ స్టోర్‌లోనూ లేదు. 2024 అక్టోబర్‌లో వచ్చిన రీమేక్ వేరే ఆట. పాత డిస్క్ సంపాదించి నడిపితే ఒకటికి మించి కోర్లున్న ప్రాసెసర్ మీద ఆట బిగుసుకుపోతుంది. దాన్ని ఒకే కోర్‌కు కట్టేయాలన్న కిటుకు కనిపెట్టి, వెడల్పు తెరకు సరిపెట్టి, శబ్దాలు బాగుచేసి ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ పేరుతో ఉచితంగా ఇస్తున్నది అభిమానులే. కొనామీ ఆ డిస్క్‌లోని ఆటను యథాతథంగా జీఓజీ అనే డిజిటల్ స్టోర్‌లో అమ్మకానికి పెడితే కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అదే వరుసలోని సైలెంట్ హిల్ 4 అక్కడ 2020 నుంచి అమ్ముతూనే ఉన్నారు కదా.

హక్కులు తమవని, పాత ఆటలు ఉచితంగా దొరికితే వాటికి మెరుగులు దిద్ది తెచ్చే రీమాస్టర్లకు గిరాకీ పడిపోతుందని కంపెనీల వాదన. హక్కులు వాళ్లవే, కాదనం. కానీ అమ్మని సరుకుకు గిరాకీ పడిపోయేదెక్కడ?

పైగా రీమాస్టర్ రావడమే పాతదానికి చావుగంట అవుతోంది. 2022 మే నెలలో సోనిక్ పాత ఆటలను విడిగా అమ్మడం ఆపి, మరుసటి నెల సోనిక్ ఆరిజిన్స్ తెచ్చారు. అందులోని సోనిక్ 3లో కార్నివాల్ నైట్, ఐస్ క్యాప్, లాంచ్ బేస్ ఘట్టాల సంగీతం మార్చేశారు. 1994 నాటి సంగీతంతో ఆ ఆట కావాలంటే పీసీలో చట్టబద్ధంగా కొనే చోటు ఇక లేదు.

చట్టబద్ధం అన్న మాట దగ్గరే పరిశ్రమ రెండు నాల్కల తీరు బయటపడుతుంది. 2010లో గేమ్ కంపెనీ రాక్‌స్టార్ స్టీమ్‌లో అమ్మిన మ్యాక్స్ పేన్ 2 ప్రోగ్రామ్ ఫైలులో ‘మిత్’ అనే పైరేట్ ముఠా గుర్తు దొరికింది. తాము వేసిన తాళాన్ని విప్పడానికి దొంగలు చేసిన తాళంచెవినే వాడి అమ్ముకున్నారన్నమాట. 2018లో సోనీ తెచ్చిన ప్లేస్టేషన్ క్లాసిక్ పెట్టెలో 20 ఆటలను నడిపింది పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్. ఔత్సాహికుల శ్రమ తమ లాభానికి పనికొచ్చినప్పుడు తప్పు లేదు. అలాంటి ఔత్సాహికులే 2023లో డాల్ఫిన్ ఎమ్యులేటర్‌ను స్టీమ్‌లో పెట్టబోతే నింటెండో లేఖతో ఆ పేజీయే తీసేశారు.

కాపీరైట్ కార్యాలయం ముందు జరిగింది దీనికి పరాకాష్ట. గ్రంథాలయాలు అడిగింది గంపగుత్త అనుమతి కాదు. అమ్మకంలో లేని ఆటను దూరం నుంచి చూపించడం. మామూలు సాఫ్ట్‌వేర్‌కు ఈ వెసులుబాటు 2021 నుంచే ఉంది. ఆటలకు మాత్రం పరిశోధకుడు ఆ భవనానికే రావాలి. ఎన్ని షరతులు పెట్టినా, ఏ షరతులు కలిపినా ఒప్పుకునేది లేదని ఆటల కంపెనీల సంఘం ఎంటర్‌టైన్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అసోసియేషన్ తరఫు న్యాయవాది విచారణలో తేల్చి చెప్పారు. భద్రపరచిన ఆటలను వినోదానికి వాడుకునే ప్రమాదం ఉందన్నది కార్యాలయం చూపిన కారణం. నవలను చదవకుండా ఎవరూ పరిశోధించలేరు. ఆటను ఆడకుండానూ పరిశోధించలేరు. ఈ అనుమతుల సమీక్ష మూడేళ్లకోసారి జరిగేది, మళ్లీ వచ్చేది 2027లోనే. ఈలోగా ఇంకెన్ని స్టోర్లు మూతపడతాయో! నింటెండో 3డీఎస్, వీ యూ స్టోర్లు 2023 మార్చి 27న, ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జులై 29న ఇప్పటికే మూతపడ్డాయి.

సెగా యాజమాన్యానికి ఒక మాట. తీసేయక తప్పలేదంటే సరే. కానీ ఆ రోమ్ ఫైళ్లను, మిగిలి ఉంటే సోర్స్ కోడ్‌ను, ఏ లైసెన్సు ఏ రోజు తీరిందో చెప్పే పట్టికను ఒక ప్రజా గ్రంథాలయానికి అప్పగించండి. దూరం నుంచి చూపించుకోమని రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వండి. హక్కుదారే ఒప్పుకుంటే కాపీరైట్ కార్యాలయం అనుమతితో పనే లేదు. మీ సంఘం న్యాయవాదిని వచ్చే విచారణకు ‘ససేమిరా’ అనడానికి పంపకండి. ఇవేవీ చేయరా? అయితే ఇప్పుడు స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 2 కోసం వెతికి, కొనే చోటు దొరకక, ఎక్కడి నుంచో దించుకున్నవాణ్ని దొంగ అనకండి. వాడు డబ్బు పట్టుకునే వచ్చాడు. దుకాణం మూసింది మీరు.