సవరణ: టీవీ మాటకు పలికిన స్పీకర్

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా పిన్ని వాళ్లింట్లో, సీరియల్ మధ్య ప్రకటన రాగానే స్మార్ట్ స్పీకర్ లైటు వెలిగి "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అందని మొన్న రాశాను. దానికి తోడు 2017లో అమెరికాలోని శాన్‌డియాగోలో ఒక టీవీ యాంకర్ మాటకు ఇళ్లలో స్పీకర్లు పలికిన సంగతీ చెప్పాను. ఇప్పుడది "యాంకర్ మాటకు ఇంటింటికీ బొమ్మరిళ్లు డెలివరీ అయ్యాయట" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. నేను రాసింది అది కాదు. ఒక పాప అలెక్సాతో (అమెజాన్ స్పీకర్‌లో మాట వినే సహాయకురాలు) బొమ్మరిల్లు తెప్పించుకున్న వార్త చెబుతూ యాంకర్, అలెక్సాను బొమ్మరిల్లు అడిగిన ఆ మాట పైకి అన్నాడు. తమ ఇళ్లలో పరికరాలు ఆర్డర్ పెట్టబోయాయని ప్రేక్షకులు చానెల్‌కు చెప్పారు, అంతే.

కావాలని చేసింది బర్గర్లు అమ్మే బర్గర్ కింగ్ సంస్థ. అదే ఏడాది ఏప్రిల్‌లో తన ప్రకటన చివర గూగుల్ స్పీకర్‌ను పిలిచే "ఓకే గూగుల్" అన్న మాట పలికించి, వొప్పర్ బర్గర్ గురించి వికీపీడియాలో ఉన్నది స్పీకర్ చేత చదివించింది. కొన్ని గంటల్లోనే గూగుల్ దానికి అడ్డుకట్ట వేసింది. తెలివే, కాకపోతే అతి తెలివి.

ఇంకోటి, వింటున్నది టీవీ కాదు. స్పీకరే తనను పిలిచే మాట కోసం చెవి ఒగ్గి ఉంటుంది. దాన్ని పోలినట్టు వినిపించే మాటకూ లేస్తుంది. పిన్ని ఫోన్ చేసి టెన్షన్ పడుతుంటే యాప్‌లో వాయిస్ కొనుగోళ్లు ఆపేయించాను. సీరియల్ టైమ్‌లో పిన్ని స్పీకర్ మైక్ ఆపే బటన్ కూడా నొక్కేస్తోంది.