మా పీజీ మూడో అంతస్తులో ప్రయోగశాల

బెంగళూరులో సైన్సు అనగానే అందరూ ఐఐఎస్సీ వైపే చూస్తారు. మారతహళ్లిలోని మా తెలుగు పీజీ మూడో అంతస్తుకేసి తలెత్తి చూసినవాడు లేడు. అన్యాయం.

మా రూమ్మేటు నరసరావుపేట కుర్రాడు. పోయిన నెల ఆన్‌లైన్లో ఒక చిన్న సీసా తెప్పించాడు. అందులో ఉన్నది జీడబ్ల్యూ 501516, జిమ్ముల్లో పిలిచే పేరు కార్డరీన్. కొవ్వు కరిగించి దమ్ము పెంచుతుందని జిమ్ముల్లో చెప్పుకునే మందు. సీసా మీద స్పష్టంగా అచ్చేశారు: పరిశోధనకు మాత్రమే, మనుషులు వాడరాదు. వాడది రెండుసార్లు చదివి, "మనది కూడా పరిశోధనే కదా మావా" అని నాలుక మీద చుక్కలు వేసుకున్నాడు. ఆ క్షణం నుంచి మా గది ప్రయోగశాల అయింది.

రసాయనం మామూలుది కాదు. కణం కేంద్రకంలో పీపీఏఆర్ డెల్టా అనే రిసెప్టర్ (సంకేతాలు అందుకునే ప్రోటీన్) కరణంలా కూర్చుని ఉంటుంది. ఈ మందుని చూడగానే అది చక్కెర పద్దు పక్కన పెట్టి కొవ్వు పద్దు తెరుస్తుంది. 2001లో లావెక్కిన కోతులకు ఇస్తే మంచి కొలెస్ట్రాల్ 79 శాతం పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు 56 శాతం తగ్గాయి. 2017 ప్రయోగంలో, వ్యాయామం చేయని ఎలుకలు 160 నిమిషాలకు చతికిలబడితే, ఇది తిన్నవి 270 నిమిషాలు పరిగెత్తాయి. మావాడు ఈ అంకెలన్నీ కంఠతా పట్టి, జిమ్ముకి లిఫ్టులో వెళ్తాడు.

ఇంత మంచి సరుకుని గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీ 2007లో వదిలేసుకుంది. ఎందుకయ్యా అంటే, రెండేళ్లు వాడిన ఎలుకలకు కాలేయం, మూత్రాశయం, జీర్ణాశయం, చర్మం, నాలుక... ఇలా చాలా చోట్ల కణుతులు వచ్చాయట. పెద్ద కంపెనీలకు గుండె ధైర్యం తక్కువ. క్రీడల్లో డోపింగు చూసుకునే వాడా సంస్థ 2009లో దీన్ని నిషేధించింది, 2013లో ఆరోగ్యానికి ప్రమాదమని ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా. అయితే మావాడు ఆడేది ఆదివారం బాక్స్ క్రికెట్, అదీ వికెట్ కీపింగు. వాడావాళ్లు అక్కడిదాకా రారు.

మనవాళ్ల ధైర్యం చూడండి. ఎలుకకు పంజరం, తిండి, వైద్యుడు అన్నీ కంపెనీ ఖర్చు. మా ఎలుక అద్దె కట్టుకుంటుంది, మందు కొనుక్కుంటుంది, రాత్రి పదకొండున్నరకి బిర్యానీ ఆర్డరు కూడా తన డబ్బుతోనే పెట్టుకుంటుంది. (ఆ బిర్యానీ ప్రయోగంలో భాగమా అని అడిగితే, కొవ్వు లేకపోతే మందు దేన్ని కరిగిస్తుంది అన్నాడు. శాస్త్రీయంగా ఎదురు చెప్పలేకపోయాను.) సీసాలో నిజంగా రాసిన రసాయనమే ఉందా, ఎంత ఉంది అన్న పరీక్ష మాత్రం జరగలేదు. అలా అనుమానిస్తే అమ్మినవాణ్ణి అవమానించినట్టట.

ప్రయోగానికి పోలిక కోసం మందు తీసుకోనివాడు ఒకడుండాలి. ఆ గౌరవం నాకు దక్కింది. ప్రతి సోమవారం ఇద్దరం బరువు చూసుకుంటాం. ఆంధ్రా మెస్సు పప్పు, గోంగూర తింటూ నేను కిలో తగ్గాను, వాడు కిలోన్నర పెరిగాడు. వాడి నోటుబుక్కులో అది 'కండ' అని నమోదైంది.

మా ఓనరుకి మాత్రం ఈ సంగతి చెప్పకండి. పైన ల్యాబు నడుస్తోందని తెలిస్తే కరెంటు బిల్లు కమర్షియల్ రేటుకి మార్చేస్తాడు.