'తక్కువగా' అంటే ఎంత?

ఎండలు ముదరగానే 'నీటిని పొదుపుగా వాడండి' అని మైకుల్లో చెబుతారు. ఎరువులకు కొరత రాగానే 'యూరియా మితంగా వేయండి' అని కరపత్రం పంచుతారు. ఆస్పత్రికి వెళ్తే 'ఉప్పు తగ్గించండి, నీళ్లు తక్కువగా తాగండి' అని చీటీ మీద రెండు ముక్కలు రాసిస్తారు. అన్నీ మంచి మాటలే. ఎంత తగ్గించాలి, ఏ తీరున తగ్గించాలి అన్నది మాత్రం వినేవాళ్ల ఊహకే వదిలేస్తున్నారు. కిడ్నీ జబ్బుతో కుంగుతున్న ఉద్దానం ప్రాంతం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో ఇది ప్రాణాల మీదికి తెచ్చే అలవాటు.

ఈ సంగతి చెప్పడానికి మన దగ్గర మాటలకు కరవు లేదు. తాళింపులో ఇంగువ చిటికెడు వేయమంటారు. బియ్యం తవ్వెడు, నూనె గిద్దెడు, విత్తనాలు పిడికెడు, గొంతు తడుపుకోవడానికి నీళ్లు పుడిసెడు. చేతినీ, ఇంట్లో పాత్రనీ కొలతగా పెట్టుకున్న మాటలివి. తీరు చెప్పే మాటలు వేరే ఉన్నాయి. డబ్బు ఆచితూచి ఖర్చు పెడతాం. కొత్త పంట వచ్చేదాకా మిగిలిన గింజల్ని చూసి చూసి తీస్తాం. చేనుకు ఆరుతడి పెడతాం. ఎసరు సరిపడా పోస్తాం. ఏ మాట విన్నా చెయ్యి ఏం చేయాలో తెలుస్తుంది. సర్కారు ప్రకటనల్లోకి వచ్చేసరికి ఇవన్నీ పోయి 'పొదుపుగా' ఒక్కటే మిగులుతోంది.

ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో ఏళ్లుగా కుటుంబాలను కుంగదీస్తోంది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. ఆ ఊళ్లలో ఏ ఇల్లయినా తీసుకోండి. భర్త డయాలసిస్ మీద ఉన్నాడు, ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు, కాబట్టి తక్కువ తాగాలి. జబ్బు లేని భార్య ఎండలో జీడితోట పనికి పోతుంది, ఒళ్లు ఎండిపోతే ఆమె కిడ్నీలకే చేటు, కాబట్టి దాహం కోసం ఎదురుచూడకుండా తాగుతూ ఉండాలి. ఇద్దరూ ముంచుకునేది ఒకే బిందెలోంచి. 'నీళ్లు తక్కువగా తాగండి' అన్న మాట భర్త దగ్గర్నుంచి భార్య చెవిన పడితే, కిడ్నీలకు అదే మంచిదేమో అనుకుని ఆమె కూడా మానుకుంటే, జరిగే నష్టానికి ఎవరిది పూచీ?

డయాలసిస్ రోగులకు డాక్టర్లు సాధారణంగా చెప్పే లెక్క ఒకటుంది. రోజుకు ఎంత మూత్రం వస్తోందో అంత, దానిమీద సుమారు అర లీటరు. ఇది మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి డాక్టరే రాసివ్వాలి. రాసిచ్చాక ఇంట్లో చేయాల్సింది కష్టమేం కాదు. పొద్దున్నే ఆ కొలతకు ఒక సీసా నింపి విడిగా పెట్టుకోవాలి. రోజంతా అందులోంచే తాగాలి. టీ తాగితే గ్లాసుడు నీళ్లు సీసాలోంచి ఒంపేయాలి. గంజి, మజ్జిగ, చోడి అంబలి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అంబలిని నీళ్లుగా ఎవరూ అనుకోరు, అది ఆకలి తీర్చేది. అందుకే విడమరిచి చెప్పాలి. 'తక్కువగా' అనే చోట 'కొలుచుకుని' అంటే ఈ సీసా ఇంట్లోకి వస్తుంది.

నీళ్లు తగ్గాలంటే ముందు దాహం తగ్గాలి, దానికి ఉప్పు తగ్గాలి. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే చిన్న చెంచాడు. ఊరగాయ, అప్పడం, ఎండు చేప అన్నీ అందులోనే. 'కొద్దిగా ఉప్పు' అని విన్నవాళ్లు కూరలో తగ్గించి, చప్పగా ఉందని పక్కన ఆవకాయ వేసుకుంటారు. వాళ్లను తప్పు పట్టలేం, చెప్పింది అంతే కదా.

'కొద్దిగా' అన్న మాటకు చోటే లేని సందర్భాలూ ఉన్నాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. చుట్టం రాగానే బొండాం కొట్టిచ్చే కొబ్బరితోటల సీమలో డయాలసిస్ రోగికి 'బొత్తిగా వద్దు' అనే చెప్పాలి. సోడియం తక్కువని అమ్మే ఉప్పు పాకెట్లలోనూ ఆ పొటాషియమే కలుపుతారు. ఆరోగ్యానికి మంచిదని కొనేవాళ్లకు ఈ విషయం ఎవరు చెబుతున్నారు?

పొలం సంగతీ అంతే. 'మితంగా' అన్న మాట రైతుకు పనికిరాదు. వరికి దమ్ములో ఎంత, పిలకలు వేసేటప్పుడు ఎంత, వెన్ను పుట్టే అంకురం దశలో ఎంత అని దఫదఫాలుగా చెబితే పనికొస్తుంది. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని. ఒకేసారి చల్లితే చాలా వరకు గాలికీ నీటికీ పోతుంది, మిగిలినదానికి చేను ఏపుగా పెరిగి సుడిదోమనూ అగ్గితెగులునూ పిలుస్తుంది. అయితే దఫాలుగా వేయమనే అధికారులు దఫాలవారీగా అందేటట్టు కూడా చూడాలి. రేపు దొరుకుతుందో లేదో అన్న టెన్షన్‌లో ఉన్న రైతు ఇవాళే అంతా చల్లేస్తాడు. వంశధార, నాగావళి కాలువల శివారు భూములకు నీరందాలన్నా ఎగువన ఆరుతడి ఏ రోజుల్లో పెట్టాలో వారబందీతో, అంటే వంతులవారీగా నీళ్లు వదిలే పద్ధతితో చెప్పాలి. ఇక కుళాయి దగ్గర బిందెలతో వరుస కట్టే ఇళ్లకు నీటి పొదుపు ఎవరూ నేర్పనక్కర్లేదు. పగిలిన పైపుల్లోంచి రోడ్ల మీదికి పారే నీటిని ఆపడం ముందు చేయాల్సిన పని.

జనం మాట్లాడే తెలుగులోనే జనానికి చెప్పాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ జిల్లాలోనే, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సవర గిరిజనుల మధ్య పని చేయడానికి సవర భాష నేర్చుకున్న మనిషి ఆయన. ఆ రోజున దండలు, ఉపన్యాసాలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు జిల్లా యంత్రాంగం ఒక పని చేయాలని కోరుతున్నాం. డయాలసిస్ కేంద్రాల్లో ఇచ్చే చీటీలను, రైతు సేవా కేంద్రాల్లో అంటించే కాగితాలను ఒకచోట పెట్టి, 'పొదుపుగా', 'మితంగా', 'తక్కువగా' ఉన్న ప్రతిచోటా ఎంత, ఎప్పుడు, దేనితో కొలవాలి అన్నది రాయించాలి. రాసేటప్పుడు ఆశా కార్యకర్తలను, ఊళ్లలో నాలుగు మాటలు తెలిసిన ఆడవాళ్లను, అనుభవమున్న రైతులను పక్కన కూర్చోబెట్టుకోవాలి. చదువు రానివాళ్ల కోసం గ్లాసు, చెంచా, సీసా బొమ్మలు వేయాలి. సవర గూడేలకు సవరలో, ఒడియా మాట్లాడే ఇచ్ఛాపురం ఊళ్లకు ఒడియాలో వెళ్లాలి. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. మొదటి చీటీ పలాస ఆస్పత్రి నుంచే రావాలి.