గవ్వల తోరణానికి గట్టి బందోబస్తు

విశాఖలో దొంగతనాల తీరు మారింది. గొలుసులు తెంపేవాళ్ల గురించి పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు గానీ, అంతకన్నా విలువైన సొత్తు పట్టపగలే పోతోంది. ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా ఒకరు ఏదో ఒకటి చేత్తో తయారుచేస్తుంటారు, ఎదురు ఫ్లాట్ వాళ్లు దాన్ని చూస్తుంటారు. ఈ చూడటం అనే నేరానికి ఇంతవరకూ ఒక సెక్షన్ కూడా లేకపోవడం శోచనీయం.

మా బ్లాకులో మూడో అంతస్తు పిన్నిగారు గవ్వలతో గుమ్మానికి తోరణం కట్టారు. బీచ్‌లో కొన్న గవ్వల్ని వీపు వైపు అరగదీసి, బెజ్జం చేసి, నైలాన్ దారం ఎక్కించి, జారిపోకుండా ఒక్కోదాని కింద రెండు పేటల ముడి వేశారు. మధ్యమధ్యలో ఎర్ర పూస. నిజం చెప్పొద్దూ, ముచ్చటగా ఉంది. ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేముందు దాని మీద ‘నా సొంత డిజైన్, కాపీ చేయరాదు’ అని అడ్డంగా, నిలువుగా, ఐమూలగా వేయించారు. ఇప్పుడా ఫొటోలో గవ్వలు తప్ప అన్నీ కనిపిస్తున్నాయి.

ఎదురింటావిడ ఆగలేక అడిగేసింది.

“పిన్నిగారూ, ఆ ముడి ఎలా వేశారండీ?”

“ఏ ముడమ్మా?”

“అదేనండీ, గవ్వ కింద ఉందే, అది.”

“అదా! దానంతటదే పడిందమ్మా.”

ఏ లాయరూ ఇంత గట్టి జవాబు రాసివ్వలేడు. ఆ ముడి యూట్యూబ్‌లో ఎవరో గుజరాతీ అమ్మాయి దగ్గర నేర్చుకున్నదన్న సంగతి నాకు తెలుసు. బయటపెట్టను, అది పిన్నిగారి వ్యాపార రహస్యం. ఇక గవ్వను తయారుచేసిన నత్త ఎక్కడా తన పేరు వేసుకోలేదు కాబట్టి దాని అభ్యంతరాలు చెల్లవు.

చట్టం ఏమంటుందో చూశాను. ఐడియాకు కాపీరైట్ లేదట, దాన్ని చెప్పిన తీరుకే ఉందట. ఒక నాటకానికీ సినిమాకీ వచ్చిన తగువులో సుప్రీంకోర్టు 1978లోనే ఈ మాట తేల్చేసింది. అంటే గవ్వలతో తోరణం కట్టొచ్చన్న ఆలోచన ఊరందరిదీ. పోనీ ఆ రూపాన్ని రిజిస్టర్ చేయిద్దామంటే 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. పదేళ్లు రక్షణ, మీద ఇంకో అయిదేళ్లు పొడిగింపు. అయితే దరఖాస్తుకు ముందే డిజైన్ లోకానికి వెల్లడైతే అది కొత్తది కాదంటారు. పాలవాడితో సహా కాంటాక్టుల్లో ఉన్నవాళ్లందరికీ చూపించేశాక ఇంకా కొత్తదనం ఎక్కడిది? పైగా రిజిస్టర్ చేయించదగ్గ డిజైన్‌ని అలాగే వదిలేసి, పరిశ్రమ పద్ధతిలో యాభైకి మించి తయారుచేస్తే ఉన్న కాపీరైటూ పోతుంది. మొత్తానికి చట్టం మనకిచ్చే సలహా ఇది: చేసుకోండి, ఎవరికీ చూపించకండి, చూపించినా మరీ ఎక్కువ అమ్ముడుపోకుండా చూసుకోండి.

మన పెద్దలకు ఈ జాగ్రత్త బొత్తిగా లేదు. 18వ శతాబ్దంలో ఈ ఊరి పనివాళ్లు ఇంగ్లీషు దొరల కుర్చీలూ బల్లలూ పెట్టెలూ చూసి అలాంటివే చేసేశారు. చేసి ఊరుకున్నారా? దంతం పొదిగారు, దాని మీద తీగలూ పువ్వులూ చెక్కారు, ఆ గీతల్లో నల్ల లక్క నింపారు. మా కుర్చీ కాపీ కొట్టారని దొరలు గొడవ చేయలేదు సరికదా, ఓడలెక్కించి పట్టుకుపోయారు. ఇప్పుడవి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన ఊరి పేరుతోనే ఉన్నాయి. చేసినవాళ్ల పేర్లు మాత్రం లేవు. వాటర్‌మార్క్ వేయకపోతే ఇంతే మరి.

లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక వాళ్లదీ అదే అజాగ్రత్త. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల నుంచి రంగులు తీస్తారు. మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ఇదంతా అడిగినవాళ్లకల్లా చెప్పేస్తే ఎలా? 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆ ఊరి సి.వి. రాజుకు పద్మశ్రీ వచ్చింది. కానీ ఆ గుర్తింపు కాపాడేది ఏటికొప్పాక అన్న పేరుని. బొంగరం ఆకారం ఎవరైనా చేసుకోవచ్చు. చూసొచ్చి చేయబోయినవాళ్లకు లక్క కర్రకు అంటక వేళ్లకు అంటుకుంటే అది వాళ్ల ఖర్మ. ఏళ్ల తరబడి పని చేసి ఆరితేరిన చేతుల మీద భారం వేసి అపార్ట్‌మెంట్ భద్రత నడపలేం కదా!

అందుకే శ్రావణ శుక్రవారం పేరంటానికి మా బ్లాకులో కొత్త నిబంధనలు వచ్చాయి. తోరణం కింద నుంచి తల దించుకుని లోపలికి రావాలి. ‘ఎంతకి కొన్నారు’ అని అడగొచ్చు, ‘ఎలా చేశారు’ అని అడగకూడదు. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో వేయాలి. పాత న్యూస్‌పేపర్లు గొట్టాలుగా చుట్టి అల్లిన బుట్ట అది. పిన్నిగారి పనితనమేనని అందరూ మెచ్చుకుంటూ ఉంటే, నాలుగో అంతస్తు ఆవిడ దాన్ని ఒకసారి తిప్పి చూసి, అడుగున అల్లిక గుర్తుపట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. శనగలు కూడా పుచ్చుకోలేదు.