కోప్పడనంటేనే చెప్తా

ఆ రాత్రి పదకొండు దాటాక మా వాడు మా గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. 16 ఏళ్ళ కుర్రాడు, తల ఎత్తడం లేదు. "నాన్నా, కోప్పడనంటేనే చెప్తా" అన్నాడు. నా నోట్లోంచి ముందు వచ్చిన మాట "మళ్ళీ ఆ ఫోనేనా?" వాడు వెనక్కి తిరిగాడు. మా ఆవిడ లేచి వాడి చెయ్యి పట్టుకోకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

(పేరు లేకుండా వేయమని సంపాదకులను అడిగాను. మా వాడు ఇది చదివి రెండు వాక్యాలు కొట్టేయించి, మిగతాదానికి సరేనన్నాడు.)

ఇక్కడ అమెరికాలో మా పక్క ఊరి హైస్కూల్లో చదువుతున్నానంటూ ఒకమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో పలకరించింది. వీడి స్నేహితులు ముగ్గురు అప్పటికే ఆమెను ఫాలో అవుతున్నారు, అందుకే అనుమానం రాలేదు. అక్కణ్ణుంచి స్నాప్‌చాట్. ఆమె ఒక ఫొటో పంపి, నీదీ పంపమంది. పంపాడు. నిమిషాల్లో అమ్మాయి పోయి బెదిరింపు వచ్చింది. 300 డాలర్లు గిఫ్టు కార్డుల్లో ఇవ్వాలి, లేకపోతే ఫొటో అందరికీ వెళ్తుంది. కింద వీడి ఫాలోయర్ల స్క్రీన్‌షాట్. దాని కింద ఇంకోటి, మా ఆవిడ ఫేస్‌బుక్ ఆల్బంలోది, గుంటూరులో ఉండే మా అత్తగారి పేరుతో సహా. "ముందు మీ అమ్మమ్మకే" అని ఇంగ్లీషులో రాశాడు ఆ బెదిరించేవాడు.

ఆ ఆల్బం అందరికీ కనబడేలా పెట్టింది మేమే. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్: హాలు పేరు, చుట్టాలందరి ట్యాగులు, ఆఖరికి పిల్లల స్కూలు టీషర్టులు కూడా. ప్రైవసీ గురించి పిల్లలకు క్లాసు పీకే హక్కు నాకెంతుందో ఆ రాత్రి తెలిసింది.

ఇది మా ఇంటికే వచ్చిన పీడ కాదు. 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి దాకా మైనర్లను ఇలా బెదిరించి డబ్బు గుంజడంపై ఎఫ్‌బీఐకి, హోంలాండ్ సెక్యూరిటీ దర్యాప్తు విభాగానికి 13,000 పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఎక్కువమంది మగపిల్లలే. కనీసం 20 మంది ప్రాణాలు తీసుకున్నారు. మిషిగన్ రాష్ట్రంలో మార్కెట్ (Marquette) అనే పట్టణంలో 2022 మార్చిలో పోయిన 17 ఏళ్ళ కుర్రాడికి ఆ పరిచయం కొన్ని గంటల నాటిదే. బెదిరించిన అన్నదమ్ములను నైజీరియా నుంచి రప్పించారు. 2024లో చెరో 17న్నర ఏళ్ళ శిక్ష పడింది.

అలా బెదిరించేవాడికి పరువు అనే మాట తెలియకపోవచ్చు కానీ వాడి వ్యాపారమంతా దానిమీదే. మన ఇళ్ళల్లో ఆ సరుకుకు లోటు లేదు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో ఎవరి పిల్లాడి గురించో గుసగుసలాడుకుంటున్నప్పుడు పక్క సోఫాలో మన పిల్లలూ వింటుంటారు. రేపు తమకేదైనా అయితే మనం ఏమంటామో వాళ్ళకు అప్పుడే అర్థమైపోతుంది.

అందుకే ఫోన్ లాక్కోవడమే మందనే వాళ్ళతో నాకు పేచీ. చెప్తే ఫోన్ పోతుందని తెలిసిన పిల్లాడు చెప్పడు. పైగా సాక్ష్యమంతా ఉండేది ఆ ఫోన్‌లోనే. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్ళలోపు వాళ్ళకు సోషల్ మీడియా ఖాతాలు ఆపింది. మంచిదే కావచ్చు, మా వాడికి 16 నిండాయి.

మేం డబ్బు పంపలేదు. ఆ బెదిరించినవాడు పంపినవన్నీ స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ ఖాతాను రిపోర్టు చేసి బ్లాక్ చేశాం. మర్నాడు ఎఫ్‌బీఐకి ఫిర్యాదు పెట్టాం. తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎన్‌సీఎంఈసీ వాళ్ళ "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ వాడుకున్నాం. దాంట్లో ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. వేలిముద్రలాంటి ఒక కోడ్ మన ఫోన్‌లోనే తయారై అదొక్కటే వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటివి దాన్నిబట్టి ఆ ఫొటోను పట్టుకుంటాయి. అదే పేరుతో 2025 మేలో వచ్చిన అమెరికా చట్టం, ఇలాంటి ఫొటోలు తీసేయడానికి సైట్లకు 48 గంటల గడువు పెట్టింది. ఏఐతో చేసిన దొంగ ఫొటోలూ అందులోకే వస్తాయి.

ఆ దొంగ ఫొటోల సంగతి తీస్తే ఇంకో మాట. మన పిల్లాడు ఎప్పుడూ బాధితుడే అవుతాడని ఏముంది? క్లాసులో అమ్మాయి ఫొటో గ్రూపులో పడితే నవ్వి ముందుకు తోసేది వాడే కావచ్చు. అదీ అడగాలి.

అడగడానికి మాటలేవీ? హోంవర్కు, అన్నం, గుడి, కాలేజీ గురించి మా ఇంట్లో తెలుగు ధారాళంగా నడుస్తుంది. ఇలాంటిదానికి మాత్రం నా దగ్గర తెలుగూ లేదు, వాడు మాట్లాడే ఇంగ్లీషూ లేదు. నత్తి నత్తిగానే మాట్లాడుకున్నాం. ఈ సంక్రాంతి సంబరాల్లో పద్యాల పోటీల మధ్య తల్లిదండ్రులకు ఒక గంట దీనికోసం కేటాయించమని మన తెలుగు సంఘాన్ని అడుగుతున్నాను. పిల్లలను బయట ఆడుకోనివ్వండి, ముందు మనం ప్రాక్టీసు చేద్దాం.

ఆ బెదిరించినవాడికంటే ముందు మనమే చెప్పేద్దామని ఆ రాత్రే గుంటూరుకు వీడియో కాల్ చేశాం. మా ఆవిడ తడబడుతూ సంగతంతా చెప్పింది. మా అత్తగారు విని, ఫోన్ మనవడికి ఇమ్మన్నారు.

"మీ నాన్న ఏమన్నా అన్నారా?"

వాడు ఒకసారి నావైపు చూశాడు. "లేదమ్మమ్మా" అన్నాడు.